లైసెన్సు ఉంది, ఆ బండికి మాత్రం లేదు: రవాణా శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖ కమిషనర్లకు, జిల్లాల్లోని రవాణా అధికారులకు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లకు నమస్కారం.

నేను మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో బాధితుల తరఫున వాదించే న్యాయవాదిని. రోడ్డు మీద మనిషి పడిపోయాక, ఆస్పత్రి, పోలీస్ స్టేషన్ అన్నీ అయిపోయాక, ఇంట్లోవాళ్లు చివరగా ఎక్కే గుమ్మం మాది. వాళ్లు తెచ్చే కాగితాల కట్టలో ఎఫ్ఐఆర్, చార్జిషీటు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ పాలసీ, డ్రైవింగ్ లైసెన్సు ఉంటాయి. మిగతావన్నీ సవ్యంగా ఉండి, లైసెన్సు మీదున్న మూడు నాలుగు ఇంగ్లిషు అక్షరాల దగ్గర కేసు చిక్కుకుపోవడం తరచూ చూస్తున్నాను. ఆ అక్షరాలు ఏ బండికి వర్తిస్తాయో, ఏ బండికి వర్తించవో మీ శాఖ జనానికి తెలుగులో, లైసెన్సు ఇచ్చేటప్పుడే చెప్పాలని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

విచారణలో ఒక ఘట్టం దాదాపు ఎప్పుడూ ఒకేలా నడుస్తుంది. బీమా కంపెనీ లాయరు మీ ఆఫీసు నుంచి ఒక ఉద్యోగిని సాక్షిగా పిలిపిస్తారు. ఆయన బోనెక్కి, వెంట తెచ్చిన లైసెన్సు ఎక్స్‌ట్రాక్టు, అంటే రికార్డు నకలు, చూసి చదువుతారు. ఫలానా నంబరు, ఫలానా తేదీ, గడువు ఇంకా ఉంది, తరగతి ఎల్ఎంవీ, అంటే కారు లాంటి తేలికపాటి వాహనం. “ఇందులో ఎంసీడబ్ల్యూజీ, అంటే గేరున్న మోటార్ సైకిల్, ఉందా అండీ?” “లేదండి.” “పోనీ, ఎంసీడబ్ల్యూఓజీ, గేరు లేనిది?” “అదీ లేదండి.” అంతే, ఆయన దిగిపోతారు. వెనక బెంచీ మీద కూర్చున్న కుటుంబానికి ఏం జరిగిందో అర్థం కాదు. లైసెన్సు అసలుదేనని, గడువు ఉందని ఆ ఉద్యోగే చెప్పారు కదా, ఇంకేం ఇబ్బంది అనుకుంటారు. వరండాలోకి వచ్చాక నేను చెప్పాల్సి వస్తుంది: లైసెన్సు ఉందమ్మా, ఆ బండికి లేదు.

ఒకావిడ సంగతి చెబుతాను. ఆమె భర్త కారు డ్రైవరు. పొద్దున్నుంచి యజమాని కారు నడిపి, రాత్రి తన సొంత బైకు మీద ఇంటికొస్తూ కల్వర్టు దగ్గర కంకర మీద జారి పడి చనిపోయాడు. గుద్దిన బండి ఏదీ లేదు కాబట్టి పరిహారం అడగడానికి ఎదుటి మనిషంటూ లేడు. ఆ కుటుంబానికి మిగిలిన ఆధారం ఒక్కటే, బండి యజమాని పేరు మీద తప్పనిసరిగా తీసుకునే వ్యక్తిగత ప్రమాద బీమా. 2018 నుంచి అది 15 లక్షలు. అయితే దాని షరతుల్లో ఒకటుంది. నడుపుతున్న సమయంలో యజమానికి ఆ రకం బండి నడిపే చెల్లుబాటు లైసెన్సు ఉండాలి. ఆయన లైసెన్సులో కారు ఉంది, బైకు లేదు. క్లెయిమ్ కుదరదని కంపెనీ ఉత్తరం పంపింది. ఆవిడ ఆ లైసెన్సును పాలిథిన్ కవర్లో పెట్టి భద్రంగా తెచ్చింది. “లాయర్ గారూ, రోజంతా కారు నడిపే మనిషికి బైకు నడపడం రాదంటారా వీళ్లు?” అని అడిగింది. వచ్చా రాదా అని ఎవరూ చూడరమ్మా, కార్డు మీద రాసుందా లేదా అనే చూస్తారు అని చెప్పడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

ఉన్న లైసెన్సుకే బైకు కూడా చేర్పించుకోవడానికి ఆయనకు కావలసింది ఏమిటి? ఆ తరగతికి ఒక ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు), 30 రోజులు ఆగడం, ట్రాకు మీద ఒక టెస్టు, వందల్లో ఫీజు. మోటారు వాహనాల చట్టం 11వ సెక్షన్ ఈ దారి ఇచ్చింది. మీ కౌంటర్ల దగ్గర ఆ పని రోజూ జరుగుతూనే ఉంటుంది. కానీ కారు లైసెన్సు చేతిలో పెట్టిన రోజున “దీని మీద బైకు నడపకూడదు, కావాలంటే చేర్పించుకోండి” అని ఆయనకు ఒక్కరూ చెప్పలేదు.

నియమాలు మీకు తెలిసినవే. ఇది బహిరంగ లేఖ కాబట్టి, చదివే మిగతావాళ్ల కోసం కాస్త విడమరిచి రాస్తున్నాను.

1988 మోటారు వాహనాల చట్టంలో పదో సెక్షన్ లైసెన్సును తరగతులుగా విడగొట్టింది. గేరు లేని మోటార్ సైకిల్ ఒక తరగతి, కార్డు మీద ఎంసీడబ్ల్యూఓజీ అని పడేది అదే. గేరున్న మోటార్ సైకిల్ ఇంకో తరగతి, ఎంసీడబ్ల్యూజీ. కార్ల వంటి తేలికపాటి వాహనాలు ఎల్ఎంవీ. ఆ తర్వాత రవాణా వాహనాలు వగైరా. స్కూటీ అన్నా, మోపెడ్ అన్నా, బుల్లెట్ అన్నా, రెండు చక్రాల మోటారు వాహనం ఏదైనా చట్టం దృష్టిలో మోటార్ సైకిలే. ఆక్టివా, జూపిటర్, రైతులు మూటలేసుకుని తిరిగే ఎక్సెల్, ఛార్జింగ్ పెట్టుకునే విద్యుత్ స్కూటర్లు గేరు లేని వాటిలోకి వస్తాయి. స్ప్లెండర్, పల్సర్, బుల్లెట్ గేరున్న వాటిలోకి వస్తాయి.

ద్విచక్ర వాహనాల విషయంలో ఈ తరగతుల మధ్య ఒకే ఒక్క దారి ఉంది, అదీ ఒకవైపే. గేరు బండి మీద టెస్టు పాసైన వాళ్లు గేరు లేని బండి టెస్టు కూడా పాసైనట్టే లెక్క అని తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఎంసీడబ్ల్యూజీ ఉంటే స్కూటీ నిశ్చింతగా నడపొచ్చు. స్కూటీ లైసెన్సుతో స్ప్లెండర్ నడపకూడదు. కారు లైసెన్సుతో రెండూ నడపకూడదు. లారీ లైసెన్సుతో కూడా నడపకూడదు. ఈ చివరి మాట చాలామంది నమ్మరు. పెద్దది నడిపేవాడికి చిన్నది ఒక లెక్కా అంటారు. 2008లో ఓరియంటల్ ఇన్సూరెన్స్ వర్సెస్ జహరుల్‌నిషా కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది ఇదే. స్కూటర్ నడిపిన వ్యక్తికి భారీ వాహనాల లైసెన్సు ఉంది, మోటార్ సైకిల్ లైసెన్సు లేదు. ఇది చట్ట ఉల్లంఘనేనని, బీమా కంపెనీ మీద బాధ్యత లేదని కోర్టు తేల్చింది. బాధిత కుటుంబం నష్టపోకుండా ముందు డబ్బు కట్టి, తర్వాత వసూలు చేసుకోమని కంపెనీకి చెప్పింది.

ఆ “వసూలు చేసుకోవడం” ఎలా ఉంటుందో కోర్టులో ఉండేవాళ్లకే తెలుస్తుంది. ఊళ్లో ఒకాయన తన బైకు తాళాలు మేనల్లుడికి ఇస్తాడు. కుర్రాడికి లైసెన్సు ఉందనే ఇస్తాడు. అది స్కూటీ లైసెన్సు. ఆ బైకు ఎవరినో గుద్దుతుంది. పరిహారం కంపెనీ కట్టేస్తుంది. ఏడాదో రెండేళ్లో గడిచాక, అందరూ మర్చిపోయాక, ఆ మొత్తం వడ్డీతో సహా కట్టమని బండి యజమానికి నోటీసు వస్తుంది. ఉన్న ఎకరం మీద జప్తు అంటారు. ప్రీమియం ఏటా కట్టానండీ, పాలసీ ఉందండీ అని ఆయన మొత్తుకుంటాడు. కట్టిన మాట నిజమే. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల బెంచి, ఒక రకం బండికి లైసెన్సు ఉండి ఇంకో రకం నడిపిన సందర్భాల్లో, ఆ లోపమే ప్రమాదానికి కారణమా కాదా అని సాక్ష్యాలను బట్టి చూడాలని చెప్పింది. గేరు లేని మోటార్ సైకిల్ లైసెన్సు ప్రస్తావన ఆ తీర్పులోనే ఉంది. మేం ఆ తీర్పు పట్టుకునే వాదిస్తాం, కొన్నిసార్లు నెగ్గుతాం కూడా. కానీ ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగి నెగ్గాల్సిన విషయమా ఇది? లైసెన్సు తీసుకునేటప్పుడు ఫారంలో ఇంకో గడి టిక్ చేసుంటే అసలు తగువే ఉండేది కాదు.

ఆ టిక్కు ఎవరు పెడుతున్నారో కూడా చూడండి. చట్టప్రకారం దరఖాస్తు చేసేది అభ్యర్థి. వాస్తవంలో చాలాచోట్ల ఫారం నింపేది మీ ఆఫీసు ఎదుటి జిరాక్స్ షాపులో కూర్చున్న ఏజెంటు. కారు డ్రైవింగ్ స్కూలు ద్వారా వచ్చినవాళ్లకు కారు ఒక్కటే పెడతారు. అమ్మాయి వస్తే “మీకు స్కూటీ చాలు కదమ్మా” అని తనే నిర్ణయించేసి గేరు లేని దానికి పెడతారు. రేపు ఆ అమ్మాయి ఉద్యోగానికి వెళ్లి తమ్ముడి బైకు నడపాల్సి వస్తే ఏమవుతుందన్న ఆలోచన ఎవరికీ రాదు. స్లాట్ దొరికిందా, టెస్టు పాసయ్యామా, కార్డు పోస్టులో వచ్చిందా, ఇంతవరకే జనం చూస్తారు. 30 ఏళ్ల లోపు తీసుకున్న లైసెన్సు ఇప్పుడు 40 ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. అంటే 18 ఏళ్లకు ఏజెంటు పెట్టిన టిక్కును ఆ మనిషి ఇరవై రెండేళ్ల పాటు మళ్లీ చూసుకునే సందర్భమే రాదు.

ఇక పిల్లల సంగతి. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండకుండా మోటారు వాహనం నడపకూడదు. ఒక్క మినహాయింపు ఉంది. 50 సీసీ మించని మోటార్ సైకిల్‌ను 16 ఏళ్లు నిండినవాళ్లు నడపొచ్చు, దానికి తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఈ మినహాయింపు పెట్టిన రోజుల్లో అర్థముంది. 1972లో వచ్చిన లూనా లాంటి 50 సీసీ మోపెడ్లు అప్పుడు వీధివీధినా ఉండేవి. ఈ రోజు మన ఊళ్లలో ఏ మామూలు షోరూముకైనా వెళ్లి 50 సీసీ లోపు పెట్రోలు బండి చూపించమనండి. లేదు. ఎక్సెల్ దాదాపు 100 సీసీ, ఆక్టివా 110 దగ్గర, యాక్సెస్ 125 దగ్గర. అంటే 16 ఏళ్లకు ఇచ్చే లైసెన్సుతో నడపదగ్గ బండి బజార్లో లేదు. విద్యుత్ బండికి అసలు సీసీ అన్న లెక్కే లేదు కాబట్టి ఆ మినహాయింపులో అది ఎక్కడ పడుతుందో సామాన్యుడికి అంతుబట్టదు.

కానీ “పదహారేళ్లకు లైసెన్సు ఇస్తారంట” అన్న సగం మాట మాత్రం ఇంటింటికీ చేరింది. మిగతా సగం, 50 సీసీ అన్నది, చేరలేదు. పది పాసై ఇంటర్‌లో చేరగానే ఆక్టివా కొనిస్తున్నారు. కొందరు తల్లిదండ్రులు నిజాయతీగా పిల్లవాణ్ని తీసుకెళ్లి, సంతకం పెట్టి, 16 ఏళ్ల లైసెన్సు తీయించి మరీ 110 సీసీ బండి తాళాలు ఇస్తున్నారు. వాళ్లు చట్టాన్ని పాటిస్తున్నామనే అనుకుంటున్నారు.

2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ఏం చేస్తుందో వాళ్లకు తెలియదు. మైనరు నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. మైనరుకు తాను నడిపే బండికే సరిపోయే లైసెన్సు ఉంటే ఈ శిక్ష పడదని అందులోనే ఉంది. 50 సీసీ లైసెన్సుతో ఆక్టివా నడిపితే ఆ రక్షణ వర్తించదు. ఇంజనీరింగ్ పూర్తయ్యి ఉద్యోగంలో చేరే వయసులో కూడా ఆ కుర్రాడు బండి తీయడానికి వీల్లేకుండా పోతుంది. ఇవన్నీ ప్రాణం దక్కితే వచ్చే కష్టాలు. కేంద్రం విడుదల చేసిన లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే.

విద్యుత్ బండ్ల దగ్గర గందరగోళం ఇంకో రకం. “లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు” అని ఫ్లెక్సీలు కట్టి అమ్ముతున్నారు. కొన్ని బండ్ల విషయంలో ఆ మాట నిజమే. మోటారు శక్తి 0.25 కిలోవాట్ కన్నా తక్కువ, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల కన్నా తక్కువ అని పుణెలోని ఏఆర్ఏఐ లాంటి గుర్తింపు పొందిన పరీక్ష సంస్థ ధ్రువీకరిస్తే, కేంద్ర నిబంధనల ప్రకారం అది మోటారు వాహనమే కాదు. దానికి లైసెన్సు, నంబరు ప్లేటు, ఇన్సూరెన్సు ఏవీ అక్కర్లేదు. ఈ షరతుల్లో ఏ ఒక్కటి దాటినా అది పూర్తి స్థాయి మోటారు వాహనం, అన్నీ కావాలి. కొన్ని దుకాణాల్లో బండి అమ్మాక వేగానికి ఉన్న అడ్డు తీసేసి ఇస్తున్నారు. స్కూలు పిల్లలు దాని మీద నలభై పైన పోతున్నారు. ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని, ఇన్సూరెన్సు లేని, లైసెన్సు లేని మోటారు వాహనం. అది ఒక ముసలాయన్ను గుద్దితే ఆయన తరఫున నేను ఎవరి మీద కేసు వేయాలి? కట్టడానికి బీమా కంపెనీ అంటూ ఉండదు. ఆ పిల్లవాడి తండ్రి ఆస్తి ఒక్కటే దిక్కు, అది ఉంటే. ఈ ఒక్క విషయంలో మీరు తనిఖీలు చేసి తీరాలి. అవగాహన పోస్టర్లు అంటిస్తే ఆగే పని కాదిది.

మరోవైపు, మన దేశంలోనే తయారవుతున్న కొన్ని విద్యుత్ బైకులు గంటకు 140 కిలోమీటర్ల పైన వెళ్లగలవు. వాటికి గేర్లు లేవు. కాబట్టి చట్టం మాటలను బట్టి చూస్తే, స్కూటీ మీద టెస్టు ఇచ్చి గేరు లేని తరగతి లైసెన్సు తీసుకున్నవాళ్లు దాని మీద ఎక్కొచ్చు. అదే మనిషి 100 సీసీ స్ప్లెండర్ మీద మెల్లగా కూరగాయల మార్కెట్టుకు వెళ్తే మాత్రం తప్పు. గేరు ఉందా లేదా అన్న గీత 1988లో సరిపోయింది. అప్పట్లో గేరు లేదంటే చిన్న బండి అనే అర్థం. ఇప్పుడు ఆ గీత బండి శక్తి గురించి ఏమీ చెప్పడం లేదు.

గేరున్న తరగతిలోనూ ఇదే సంగతి. నాగోలు ట్రాకు మీద 100 సీసీ బండితో కాలు కింద పెట్టకుండా 8 తిరిగినవాడికి, మర్నాడు వెయ్యి సీసీ పైన ఉన్న బైకు నడిపే హక్కు కూడా వచ్చేస్తుంది. ఐరోపాలో ఇలా లేదు. 2013 నుంచి అక్కడ మెట్లు పెట్టారు. బ్రిటన్‌నే తీసుకుంటే, 16 ఏళ్లకు గంటకు 45 కిలోమీటర్లు మించని మోపెడ్, 17 ఏళ్లకు 125 సీసీ, 11 కిలోవాట్ల లోపు బండి, 19 ఏళ్లకు 35 కిలోవాట్ల దాకా, ఆ మెట్టు మీద రెండేళ్లు ఉండి మళ్లీ టెస్టు పాసైతే 21 ఏళ్లకు ఏ బైకైనా. నేరుగా పెద్ద బైకు కావాలంటే 24 ఏళ్లు నిండాలి. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకు ఈ మెట్లకు పెట్టిన ఏఎం, ఏ1, ఏ2, ఏ అన్న గుర్తులు బాగా తెలుసు, ఎందుకంటే స్కూటర్ ఎక్కాలన్నా ముందు అవి తెలుసుకోవాలి. మన దగ్గర రోడ్లు, బండ్లు, ఆదాయాలు వేరు. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టమని నేను అడగను. 350 సీసీ బుల్లెట్ మన పల్లెల్లో అవసరానికి కొనుక్కునే బండి కూడా. కానీ 18 ఏళ్లవాడికీ వెయ్యి సీసీ బైకుకీ మధ్య ఒక్క మెట్టయినా ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఆ మెట్టు సీసీల్లో కాకుండా శక్తిలో, అంటే కిలోవాట్లలో లెక్కపెడితే పెట్రోలు బండికీ విద్యుత్ బండికీ ఒకే కొలత సరిపోతుంది.

ఎల్ఎల్ఆర్ గురించి కూడా ఒక మాట. అది నేర్చుకోవడానికి ఇచ్చే కాగితం. దాని గడువు ఆరు నెలలు, 30 రోజులయ్యాక టెస్టుకు వెళ్లొచ్చు. బైకు నేర్చుకునేవాళ్లు ఎల్ బోర్డు పెట్టుకోవాలి, వెనక నేర్పించేవాళ్లు తప్ప ఇంకెవర్నీ కూర్చోబెట్టుకోకూడదు. మన దగ్గర ఎల్ఎల్ఆర్ వచ్చిన సాయంత్రమే భార్యాపిల్లల్ని ఎక్కించుకుని గుడికి వెళ్తారు. వాళ్లకు ఈ షరతు ఎవరైనా చెప్పారా అని నేను అడిగిన ప్రతిసారీ లేదనే జవాబు వచ్చింది. దివ్యాంగుల కోసం పక్క చక్రాలు బిగించిన స్కూటర్లదీ వేరే తరగతేనని, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కాలని కూడా ఆ బండి వాడే కుటుంబాల్లో చాలామందికి తెలియదు.

ఇప్పుడు నేను అడిగేవి చెబుతాను. కార్డు నమూనా కేంద్రం ఖరారు చేసింది, దాని మీద అక్షరాలు మార్చడం మీ చేతిలో లేదని నాకు తెలుసు. కానీ లైసెన్సు మంజూరైన రోజున అభ్యర్థి ఫోనుకు మెసేజ్ పంపడం మీ చేతిలో ఉంది. అది తెలుగులో ఇలా ఉంటే చాలు: “మీ లైసెన్సు గేరు లేని ద్విచక్ర వాహనాలకు మాత్రమే. స్కూటీ, మోపెడ్ నడపవచ్చు. గేరున్న బైకు, కారు నడపకూడదు. నడిపితే బీమా వర్తించకపోవచ్చు. చేర్పించుకోవాలంటే దరఖాస్తు చేయండి.” ఒక్కో తరగతికి ఒక్కో మెసేజ్. కార్డు పోస్టులో పంపేటప్పుడు ఇదే ముక్క ఒక చిన్న కాగితం మీద అచ్చువేసి కవర్లో పెట్టండి. ఫోను చూడనివాళ్లు ఇంట్లో ఎవరిచేతనైనా చదివించుకుంటారు.

ఎల్ఎల్ఆర్ పరీక్షకు కేంద్ర నిబంధనల్లో రాసిన అంశాలు నాలుగు: రోడ్డు గుర్తులూ నియమాలూ, ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు బాధ్యత, కాపలా లేని రైల్వే గేటు దగ్గర జాగ్రత్తలు, వెంట ఉంచుకోవాల్సిన పత్రాలు. నూటికి 60 శాతం జవాబులు సరైతే పాస్. తన లైసెన్సుతో ఏ బండి నడపొచ్చో అన్న అంశం ఆ నాలుగింట్లో లేదు. అయినా “వెంట ఉంచుకోవాల్సిన పత్రాలు” అన్నదాని కింద ఆ ప్రశ్న ఒకటి చేర్చడానికి అడ్డేమీ ఉండదని నేను అనుకుంటున్నాను. “ఎల్ఎంవీ లైసెన్సు ఉన్న వ్యక్తి స్కూటర్ నడపవచ్చా?” అని ఒక్క ప్రశ్న వేస్తే, లైసెన్సు కోసం వచ్చే ప్రతి మనిషీ దాని జవాబు తెలుసుకునే వెళ్తాడు.

షోరూముల దగ్గర కూడా పని ఉంది. కొత్త బండితో పాటు హెల్మెట్ ఇవ్వాలన్న నియమం ఇప్పటికే ఉంది. రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు ఒక తెలుగు పత్రం మీద కొనేవాళ్ల సంతకం తీసుకోమని డీలర్లకు చెప్పండి: ఈ బండి ఫలానా తరగతిలోకి వస్తుంది, నడపడానికి ఫలానా లైసెన్సు కావాలి, 18 ఏళ్ల లోపు పిల్లలు నడపకూడదు అని. అమ్మకం ఆపమని నేను అనడం లేదు. లైసెన్సు లేని తల్లి పేరు మీద కూడా బండి ఉండొచ్చు. తాళాలు చేతికిచ్చే ముందు ఆ మూడు వాక్యాలు బిగ్గరగా చదివి వినిపిస్తే చాలు. జిరాక్స్ షాపుల ముందు, మీ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో ఇదే పట్టిక పెట్టించండి. ఏజెంటు పెట్టే టిక్కు ఏమిటో జనం తలెత్తి చూసుకుంటారు.

చట్టం మార్చేది పార్లమెంటు. కానీ రవాణా మంత్రుల సమావేశాల్లో మీ రాష్ట్రాల తరఫున మాట్లాడే అవకాశం ఉంది. 50 సీసీ మినహాయింపును ఎత్తేయమని గానీ, లేదా శక్తి, వేగం లెక్కన కొత్తగా రాయమని గానీ అక్కడ అడగండి. నా మటుకు నాకు రెండోదే మేలనిపిస్తుంది. ఊరికి దూరంగా ఉన్న జూనియర్ కాలేజీకి బస్సు లేని ఆడపిల్లకు, గంటకు 45 కిలోమీటర్లు దాటని, రిజిస్ట్రేషన్ ఉన్న, ఇన్సూరెన్స్ ఉన్న చిన్న విద్యుత్ బండిని 16 ఏళ్లకు చట్టబద్ధంగా ఇవ్వగలిగితే ఆ పిల్ల చదువు ఆగదు. ఇప్పుడున్న పద్ధతిలో ఆ పిల్ల ఇంట్లో కూర్చోవాలి, లేదా దొంగతనంగా ఆక్టివా నడపాలి.

జూన్‌లో ఇంటర్ కాలేజీలు తెరుస్తారు. బండ్ల అమ్మకాలు అప్పుడే ఊపందుకుంటాయి. మెసేజ్, గోడ మీద పట్టిక, షోరూము పత్రం, ఈ మూడూ ఆ లోపు మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. ఒక్కో తరగతికి పంపాల్సిన మెసేజ్ తెలుగులో రాసి, ఈ ఉత్తరంతో పాటు రెండు కమిషనర్ కార్యాలయాలకూ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మాటల్లో ఏవైనా మార్పులుంటే చేయండి. మీరు ఖరారు చేసిన పాఠం నాకు పంపితే, మా బార్ అసోసియేషన్ అనుమతి తీసుకుని ట్రిబ్యునల్ వరండాలో నోటీసు బోర్డు మీద నేనే అంటిస్తాను.

ఇట్లు,
మోటారు ప్రమాదాల పరిహార కేసులు చూసే ఒక న్యాయవాది